బంగ్లా లైనులో బైబిలు

ఆ రోజుల్లో మా ఇంట్లో "టైం లేదు" అనే మాట ఎవరూ అనడానికి వీల్లేదు. అన్నవాళ్ళను మా బాపు తిట్టేవాడు కాదు. జేబుగడియారం తీసి మన ముందు పెట్టి, "పొద్దుగాల నుంచి ఏమేం చేసినవో చెప్పు, పోయిన టైం ఏడ పోయిందో ఇద్దరం కలిసి ఎతుకుదాం" అనేవాడు. వెతికితే అది ఎప్పుడూ దొరికేది (నాది ఎక్కువగా అద్దం ముందు, మా తమ్ముడిది గాలిపటాల దగ్గర). బాపుది రైల్వే కేబిన్‌లో లీవర్లు లాగే పని. నిమిషం అటూ ఇటూ అయితే రైలు ఆగిపోయే ఉద్యోగం చేసేవాడికి లోకమంతా అలాగే నడవాలనిపించడంలో తప్పులేదు గానీ, ఆ లోకంలో నేను కూడా ఉండటమే చిక్కు. మేము తాతల కాలంలో నిజామాబాద్ వైపు నుంచి నాందేడ్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. ఊళ్ళో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఓ డజనుంటే గొప్ప. ఆదివారం పొద్దున వాళ్ళందరూ మా వరండాలోనే చాపల మీద కూర్చుని ఆరాధన చేసుకునేవారు. సాయంత్రం మాత్రం మా ఇంటివాళ్ళకే ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉండేది. దాని పేరు "అప్పజెప్పుడు". చాయ్ తాగడం అయ్యాక బాపు గోడకు ఆనుకుని కూర్చుని, ఆ వారం బైబిల్లో ఎవరెంత చదివారో సొంత మాటల్లో చెప్పమనేవాడు. జనవరి ఒకటిన మొదలుపెట్టి క్రిస్మస్ నాటికి పుస్తకం మొత్తం పూర్తి కావాలన్నది లెక్క. ఇంకో నియమం మా నాయనమ్మ పెట్టింది. చదవడమంటే బయటికి వినబడేలా చదవాలి. "పెదవులు కదలకుంటె అది సదువుడు కాదు, బొమ్మలు సూసుడు" అనేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా ఆ అలవాటు మాకెవరికీ పోలేదు. నేనైతే పోస్టుకార్డు కూడా మనసులో చదవలేను.

పదో తరగతి పాసై, టైపు నేర్చుకుని, ఇంట్లో కూర్చుని అమ్మకు అడ్డం పడుతున్న పందొమ్మిదేళ్ళ వయసులో నాకొక ఉద్యోగం వచ్చింది. ఊరి బయట ఒక జిన్నింగు మిల్లు, అంటే బండ్ల మీద వచ్చిన పత్తి నుంచి గింజ తీసి బేళ్ళు కట్టే చోటు. దాని యజమానులూ మా లాగే తెలుగువాళ్ళు, మూడు తరాలుగా అక్కడే ఉన్న పెద్ద కుటుంబం. మిల్లులో ఒక చిన్న టెలిఫోన్ బోర్డుండేది. దాని ముందు కూర్చుని లైన్లు కలపడమే నా పని. ఒక లైను బొంబాయి ట్రంకు కాల్‌కి, ఒకటి బండ్లు తూచే కాటా దగ్గరికి, ఒకటి గేటుకి, ఒకటి యజమాని బంగ్లాకి, ఇలా మొత్తం పది. ఎవరైనా అవతల ఫోను తిప్పితే బోర్డు మీద వాళ్ళ చిన్న రేకు తలుపు టప్‌మని పడుతుంది. అక్కడ తీగ గుచ్చి, మీట ముందుకు తోసి, ఛాతీ మీద వేలాడే గొట్టంలోకి "హలో, మిల్లు" అనాలి. మాట అయ్యాక మీట వెనక్కి లాగి తీగ పీకేయాలి. అంతే ఉద్యోగం. ఆ చెవిగొట్టాలు తలకు తగిలించుకుని తిరిగే కుర్చీలో కూర్చున్న మొదటిరోజు నేను విమానం నడుపుతున్నంత గొప్పగా ఉన్నాను. అమ్మ సంతోషంతో ఏడ్చింది. బాపు మాత్రం గోడకు ఆనుకుని ఒకే ఒక్క షరతు పెట్టాడు. "కొలువు చెయ్యి, నేనెందుకు వద్దంట. గని ఏ ఆదివారం నీ అప్పజెప్పుడు ఆగుతదో, ఆ సోమారం నీ కొలువు గూడ ఆగుతది." నేను నవ్వుతూ సరేనన్నాను. రోజుకు మూడు అధ్యాయాలు చదవలేనా అనుకున్నాను.

చదవలేకపోయాను. తెల్లవారకముందే మునిసిపల్ నల్లా, ఆ తర్వాత ఇంటి వంట, తమ్ముడి చడ్డీ గుండీలు (వాడి చడ్డీకి గుండీలు ఎందుకు నిలవవో ఇప్పటికీ తెలియదు), పరుగెత్తి సిటీబస్సు, మిల్లులో సాయంత్రం దాకా బోర్డు, ఇంటికొచ్చేసరికి మళ్ళీ పొయ్యి. నేనూ ప్రయత్నించకపోలేదు. పప్పు కలుపుతూ చదివాను. ఆదికాండం ఆరంభంలోనే ఒక పేజీ రెండో పేజీకి అతుక్కుపోయి, ఆ రెండు పేజీల మధ్య ఏం జరిగిందో మా ఇంట్లో చాన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. నల్లా దగ్గర వరుసలో బిందె మీద పుస్తకం పెట్టి చదివాను. వెనకనున్న మరాఠీ మావశి, అంటే పిన్ని, "అగ పోరీ, బిందె జరుపుతవా, దేవుణ్ణి పిలువమంటవా?" అని అరిచింది. సిటీబస్సులో చదివాను. నా గొంతు విని పక్కనున్న ముసలావిడ నా చేతిలో అయిదు పైసలు పెట్టి దండం పెట్టుకుంది. ఆ సిగ్గుతో రెండు స్టాపులు ముందే దిగిపోయాను. దాంతో ఏమైందంటే, ప్రళయం వచ్చి లోకమంతా మునిగే చోట, ముసలాయన తన ఇంటివాళ్ళనూ జంతువులనూ పడవలోకి ఎక్కించే చోట, నేను ఆగిపోయాను. మొదటి ఆదివారం దాన్ని బాగా చెప్పాను. రెండో ఆదివారం జంతువుల పేర్లు కొన్ని చేర్చి చెప్పాను. మూడో ఆదివారం పడవ లోపల వంటలెలా చేసుకున్నారో నా సొంత కల్పనతో మొదలుపెట్టేసరికి బాపు చెయ్యెత్తి ఆపాడు.

"మూడు వారాల సంది నీ పడవ నీళ్ళ మీదనే ఉన్నది" అన్నాడు. తమ్ముడు పకపకా నవ్వాడు. బాపు నవ్వలేదు. "వచ్చే ఆదివారానికి అది ఒడ్డు ముట్టాలె. ముట్టకపోతె సోమారం నాడు నేనే నీ ఎంబడొచ్చి మేనేజరుకు దండం పెట్టి నిన్ను తోలుకొస్త."

"టైం..." అని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. అప్పటికే ఆయన చెయ్యి జేబు వైపు వెళ్తోంది.

ఆ రాత్రి నాకు దుఃఖం ఆగలేదు. ఉద్యోగం పోతే మళ్ళీ పొయ్యి ముందు, అమ్మకు అడ్డంగా. జీతం కంటే కూడా ఆ కుర్చీ, ఆ తీగలు, "హలో, మిల్లు" అనగానే బొంబాయిలో ఎవరో మర్యాదగా "నమస్కార్ బహెన్‌జీ" అనడం, అదంతా పోతుందని నా బాధ. అయితే మర్నాడు మధ్యాహ్నం మిల్లులో కూర్చుని ఉండగా బాపు వెతికినట్టే వెతికితే, పోయిన టైం దొరికింది. రెండు కొట్టగానే కూలీలందరూ అన్నాలకు లేచేవారు. పొద్దుటి నుంచి చెవులు పగలగొట్టే యంత్రాలు అరగంట పాటు ఆగిపోయేవి. గుమాస్తాలు, మేనేజరు, కాటా మనిషి, అందరూ డబ్బాలు తెరిచేవారు. యజమాని చిన్న సావుకారు (నలభై దాటినవాడే, వాళ్ళ నాన్న ఉన్నాడు కాబట్టి ఈయన చిన్న) బంగ్లాకి వెళ్ళి భోంచేసి కాసేపు నడుము వాల్చేవాడు. ఒక్క నేనే బోర్డు వదలకూడదు, ఎందుకంటే బొంబాయి కాల్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ అరగంటలో రేకు తలుపులు పడేది తక్కువ. మర్నాడు టిఫిన్ డబ్బా కింద బైబిలు పెట్టి తెచ్చుకున్నాను. యంత్రాలు ఆగగానే తెరిచి, నాయనమ్మ నియమం ప్రకారం, మెల్లిగా గొణుగుతూ చదివాను. శనివారం నాటికి పడవ ఒడ్డు ముట్టడమే కాదు, అందులోంచి దిగినవాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు కూడా పెద్దవాళ్ళయిపోయారు. ఆదివారం బాపు నా అప్పజెప్పుడు విని మొట్టమొదటిసారి "ఊఁ" అన్నాడు. మా ఇంట్లో అదే పతకం.

ఇక్కడ బంగ్లా లైను సంగతి చెప్పాలి. బంగ్లాలో పెద్ద సావుకారు ఉండేవాడు. మిల్లు పెట్టిన మనిషి. ఏడాది కిందట బచ్చలింట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. మంచం పక్కనే ఫోను పెట్టించుకున్నాడు. నాకంటే ముందు ఆ బోర్డు మీద పనిచేసిన ఇద్దరూ ఆయన తిట్లకు తట్టుకోలేకే మానేశారని గేటు దగ్గరి మనిషి నాకు మొదటిరోజే చెప్పి పెట్టాడు. ఇంట్లోవాళ్ళతో కూడా "అవ్", "కాద్" తప్ప మాట్లాడడట. రోజూ రెండింటికి అయిదు నిమిషాల ముందు బంగ్లా రేకు పడేది. "ఎన్ని బండ్లు?" అనేవాడు. గేటు నుంచి వచ్చిన చీటీ చూసి అంకె చెప్పేదాన్ని. జవాబుండేది కాదు. నేను మీట వెనక్కి లాగి, తీగ పీకి, పుస్తకం తెరిచేదాన్ని.

అలా చేస్తున్నాననే అనుకున్నాను. ఫిబ్రవరి చివర ఒకరోజు, తండ్రి ముద్దుచేసిన చిన్నకొడుకును అన్నలందరూ పట్టుకుని, అంగీ లాక్కుని బావిలో పడేసే చోట చదువుతున్నాను. గొంతు కూడా కొంచెం వణికిస్తూ చదువుతున్నాను (నాకు నేనే శ్రోతను కదా, మరి). అంతలో బొంబాయి కాల్ వచ్చింది. పుస్తకం మూసేసి, తీగలన్నీ లాగేసి, ఆ కాల్ కాటాకు కలిపి ఊపిరి పీల్చుకున్నానో లేదో, బంగ్లా రేకు టప్‌మని పడింది.

"హలో, మిల్లు" అన్నాను.

"ఆ పోరన్ని బాయిల ఏసి ఏడికి పోయినవ్?"

"ఏ పోరడు, పెద్దయ్యా?"

"నన్నడుగుతవేంది? ఇంతసేపు చెప్పింది నువ్వే గద. అన్నలు రొట్టె తినుకుంట కూసున్నరు, పోరడు బాయిల ఉన్నడు. అండ్ల నీళ్ళున్నయా, లెవ్వా?"

అప్పుడు అర్థమైంది. పుస్తకం తెరిచే తొందరలో నేను రోజూ వెనక్కి లాగుతున్నది పక్కనున్న కాటా మీట. బంగ్లా మీట ముందుకే ఉండిపోయేది, తీగ పీకడమైతే మరిచేపోయేదాన్ని. ఛాతీ మీది గొట్టం నా గొణుగుడునంతా నేరుగా బంగ్లాకు పంపించేది. "ఎన్ని రోజుల సంది వింటున్నరు, పెద్దయ్యా?" అని అడిగాను.

"ముసలాయన పడవ దిగినకాడ సంది. ఫోను కిందపెట్టాలంటె తుంటి నొస్తది, గందుకె ఛాతీ మీద పెట్టుకుంటున్న. మొదట ఏ పిచ్చిదో మాట్లాడుతుంది అనుకున్న. ఎనక సోయికొచ్చింది, కత నడుస్తుందని."

నేను వలవలా ఏడ్చేశాను. ఎవరితోనూ చెప్పొద్దని, మేనేజరుకు తెలిస్తే తీసేస్తారని, బాపుకు తెలిస్తే చంపేస్తాడని, కావాలంటే ఇక చదవనని, ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత, "చెప్ప. ఎవలికీ చెప్ప. గని రేపు రెండు గొట్టంగనే ఆ పోరడు బయటికి రావాలె" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "నా దేవుడు నాకున్నడు, పొద్దుగాల లేస్తె ఆయనకు దండం పెడ్త. అది నీకు తెల్వాలె. గని కత మంచిగుంది" అన్నాడు.

అలా ఒకే మనిషికి ఇద్దరు పరీక్షాధికారులు తయారయ్యారు. బాపు ఆదివారానికి ఒకసారి అడిగితే, ఈయన రోజూ. రెండూ మూడు నిమిషాలైతే చాలు రేకు పడేది, "ఏంది, ఇయ్యాల నాగానా?" అని. నాకిష్టం లేని చోట్లు ఎగ్గొడదామంటే వీల్లేకపోయింది. బావిలోంచి బయటపడ్డ కుర్రవాడు పెద్ద అధికారై, కరువు కోసం ఏడేళ్ళు ధాన్యం దాచాడని చదివితే, "ఏడేండ్లా! పురుగు వట్టకుంట ఏం చేసిండో రాసిండ్రా, చూడు" అన్నాడు. రాయలేదంటే ఆ రోజంతా అసంతృప్తిగా ఉన్నాడు. గుడారపు తెరల కొలతలు వచ్చే అధ్యాయాల దగ్గర నేను ఆవులిస్తుంటే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. "ఎన్ని మూరలన్నవ్? మల్ల చదువు. పొడుగు గాదు, వెడల్పు." పత్తితో బతికిన మనిషి, ఎంత నూలు పడుతుందో గుణించుకుంటున్నాడని తర్వాత తెలిసింది. మనుషుల పేర్ల జాబితాలు వచ్చినప్పుడు నాలుగు పేర్లు దాటేశాను. "పిల్లా, రెండో వాని కొడుకులను ఎగవెట్టినవ్. వాళ్ళేం పాపం చేసిండ్రు?" అన్నాడు. ఆ ఆదివారం నేను తెరలకు ఎంత బట్ట పట్టిందో, కండెలు ఎన్ని కావాలో చెబుతుంటే, బాపు తల వంచి నన్ను చాలాసేపు చూశాడు. "ఈ ఆలోచన నీదేనా?" అన్నాడు. నాదేనన్నాను. దేవుడు నన్ను క్షమించాడనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ నడుమ ఆ అబద్ధానికి శిక్ష పడింది. ఒక పట్టణం గోడ చుట్టూ జనం రోజుకొక్కసారి తిరుగుతారు, ఏడో రోజు ఏడుసార్లు. ఆ కథ మీకు తెలిసే ఉంటుంది. పెద్దయ్యకు తెలియదు. నేను ఒక్కో చుట్టూ తిప్పుతుంటే అవతల ఆయన ఊపిరి వినబడుతోంది. "గోడ పడ్తదా?" అంటున్నాడు మధ్యలో. "ఆగండి పెద్దయ్యా, ఇంకొక్క చుట్టు" అని నేను కళ్ళు మూసుకుని, గొంతు బాగా తగ్గించి, గొట్టానికి దగ్గరగా వంగి చెబుతున్నాను. బొంబాయి రేకు పడిందట, నాకు వినబడలేదు. గోడ పడుతున్న ఆ క్షణంలో భుజం మీద ఎవరో తట్టినట్టయి కళ్ళు తెరిస్తే, ఎదురుగా చిన్న సావుకారు, బొంబాయి కాల్ కోసం ఆ రోజు బంగ్లాకు పోకుండా ఆగినట్టున్నాడు.

నేను తీగ పీకేశాను. అదే నా రెండో తప్పు. ఆయన బోర్డు వంక చూశాడు. పడి ఉన్న బొంబాయి రేకును, నా చేతిలో వేలాడుతున్న బంగ్లా తీగను చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది. "బొంబాయి దలాలు మూడుసార్లు చేసి కాల్ క్యాన్సిల్ చేసుకున్నడు. నువ్వేమో కండ్లు మూసుకొని గుసగుసలు. ఎవడు వాడు?" అన్నాడు. "బంగ్లా లైనుల ఎవడున్నడు?" అని ఆయనే అడిగి, ఆయనకే ఏదో తట్టి, కుర్చీ వీపు పట్టుకుని, "మా పోరడా?" అన్నాడు. ఆయన కొడుకు అప్పుడే కాలేజీలో చేరాడు. పెద్ద కాలర్ల చొక్కాలు వేసుకుని మిల్లు చుట్టూ స్కూటరు మీద తిరిగేవాడు. నేనెప్పుడూ వాణ్ణి సరిగ్గా చూసింది కూడా లేదు.

"కాదు సార్! పెద్దయ్యతోని. బైబిలు చదువుతున్న."

ఆయన నన్నొక వింత జంతువును చూసినట్టు చూశాడు. "మా నాయిన కన్నకొడుకు తోనే నాలుగు మాటలు మాట్లాడడు. నీ తోని అర్ధగంట మాట్లాడుతడు, అదీ బైబిలు! మెడల తులసిమాలున్న మనిషి! అబద్ధం చెప్తె గూడ జర అతికేటట్టు చెప్పాలె." రేపు మీ నాన్నను తీసుకునిరా అన్నాడు. నేను తీసుకురాననుకున్నాడో ఏమో, సాయంత్రానికల్లా ప్యూనును సైకిలు మీద నేరుగా కేబిన్‌కే పంపి బాపుకు చెప్పించాడు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. సావుకారు కొడుకు మీద వచ్చిన అనుమానం సంగతి వినగానే అమ్మ నెత్తి కొట్టుకుంది. బాపు మర్నాడు డ్యూటీ దిగి, రైల్వే వాళ్ళిచ్చిన నీలం చొక్కాతోనే మధ్యాహ్నం మిల్లుకొచ్చాడు. బోర్డు గది చిన్నది. నేను కుర్చీలో, ఆ పక్క బాపు, ఈ పక్క చిన్న సావుకారు. ఆయన గట్టిగా అరవడానికి సిద్ధమై వచ్చాడు. బాపు ఆయనకు ఆ అవకాశమే ఇవ్వలేదు.

"సావుకారీ, నా బిడ్డ అబద్ధం చెప్పలే, అది నేను నమ్ముత. గని అది చేసింది దొంగతనమే. మీ టైంల కూసోని నా దేవుని పుస్తకం చదివింది. దేవునికి గూడ గట్ల తెచ్చిచ్చిన టైం వద్దు. మీరు తీసేసుడు ఎందుకు, నేనే మానిపిస్తున్న" అన్నాడు. నా వైపు తిరిగి, "లే" అన్నాడు.

చిన్న సావుకారు ఇది ఊహించలేదు. "అరే, గట్ల కాదు... దొంగతనం అన్నంత పెద్ద మాటేంది... చిన్న పిల్ల" అని నసిగాడు. నన్ను తీసేయడానికి వచ్చిన మనిషే నా తరఫున మాట్లాడుతున్నాడు, నన్ను నమ్మిన మనిషే నా ఉద్యోగం తీసేస్తున్నాడు. నేను చెవిగొట్టాలు తీసి, బోర్డు మీద పెట్టి, ఏడుపు ఆపుకోవడానికి కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. యంత్రాలు ఆగాయి. బయట కూలీల మాటలు, డబ్బాల చప్పుడు. అయిదు నిమిషాలు గడిచాయి. బంగ్లా రేకు పడింది.

అది మళ్ళీ గరగరలాడింది. చిన్న సావుకారే చెవిగొట్టం తీసుకుని, తీగ గుచ్చి, మీట తోశాడు. ఏమీ మాట్లాడలేదు. అవతలి గొంతు మా అందరికీ వినబడేంత గట్టిగా ఉంది.

"ఏంది బిడ్డా, పానం మంచిగ లేదా? నిన్న గోడ పడే మోకాకు లైను తెగింది. రాత్రంత నిద్ర పట్టలే నాకు. ఆ గోడ పడ్డదా, లేదా? నువ్వు బువ్వ తిన్నవా? తిననైతె తిని చెప్పు, నేను ఆగుత."

చిన్న సావుకారు చెవిగొట్టం రెండు చేతులా పట్టుకుని, "నాయినా, నేను" అన్నాడు. "నువ్వా? ఆ పిల్లేది?" అంది అవతలి గొంతు, ఒక్కసారిగా కటువుగా మారిపోయి. కొడుకు మొహం చూసి నాకు జాలేసింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత పెద్దయ్య చెప్పినది మాకు ముక్కలు ముక్కలుగా వినబడింది. అందులో "మిల్లు ఎవల పేర ఉన్నది?" అన్నది మాత్రం చాలా స్పష్టంగా వినబడింది. చివరకు, "ఆమె నాయినకు ఇయ్యి ఫోను" అన్నాడు.

బాపు జన్మలో మొదటిసారి ఆ చెవిగొట్టం నెత్తిన పెట్టుకున్నాడు, అదీ తలకిందులుగా. చాలాసేపు "ఔ", "నిజమే", "అదీ నిజమే" అన్నాడు. తర్వాత ఏదో అడిగాడు, గోడకు ఆనుకున్నాడు, కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. పది నిమిషాలయింది. ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడని ఒక సంతోషం. కళ్ళు తెరిచి చెవిగొట్టం నా చేతికిచ్చి, "ఆయన అడిగిండు, మిల్లుల అందరు తింటుంటె నా బిడ్డకు తినే టైం ఎందుకు లేదని. ఆ అర్ధగంట నీదేనట, ఇయ్యాల్టి సంది. నీ టైంల నువ్వేం చదివినా నాకు ఎతరాజ్ లేదు" అన్నాడు. చిన్న సావుకారు, అవునవును, ఆ అరగంట మిగతా తీగలు ప్యూను చూసుకుంటాడు, బంగ్లా తీగ మాత్రం నీది, అన్నాడు. బాపు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఇంకోటి. నువ్వేం చదివినవో అప్పజెప్పుమన్న ఆయనను. పడవ సంది గోడ దాక, ఒక్క పేరు పోకుంట చెప్పిండు. నీకన్న మంచిగ చెప్పిండు."

ఆ తర్వాత నాకు టైం లేకపోవడమన్న సమస్యే రాలేదు. సీజను అయిపోయి పత్తి బండ్లు రాని ఎండాకాలంలోనూ, గోదావరి పొంగి బస్సు చుట్టూ తిరిగి వచ్చిన వానాకాలంలోనూ, రెండింటికి నేను ఆ కుర్చీలో ఉన్నాను. ఒంటినిండా పుండ్లతో బూడిదలో కూర్చుని మొత్తుకునే పెద్దమనిషి కథ వచ్చిన వారం పెద్దయ్య ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చివరి రోజున మాత్రం, "ఆయన చెప్తుంటె, నా తుంటి గురించే చెప్తున్నట్టుంది బిడ్డా. ఇంట్లోల్లకు చెప్పరాలే నాకు" అన్నాడు. పాటల పుస్తకం వచ్చినప్పుడు, ఇవి మా భజనల లెక్కనే ఉన్నయని, ఒక్కోటి రెండేసి సార్లు చదివించుకున్నాడు. అన్నట్టు, ఆ మధ్య చిన్న సావుకారు భోజనం చేసి నడుము వాల్చడం మానేశాడు. తండ్రి మంచం పక్కన కూర్చుని, ఫోనుకు ఆ వైపు నుంచి చెవి పెట్టి వినేవాడట. అది ఆయనే తర్వాత నాతో సిగ్గుపడుతూ చెప్పాడు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు చివరి పేజీ చదివి, "అయిపోయింది పెద్దయ్యా" అన్నాను. నా కళ్ళు తడిగా ఉన్నాయి. మా ఇంట్లో ఏడాదిలో మొత్తం పూర్తిచేసింది ఆ సంవత్సరం నేనొక్కదాన్నే. "అయిపోయిందా?" అన్నాడు అవతలి నుంచి. "అయితె మల్ల మొదటి సంది పెట్టు."

పెట్టాను. కానీ మే నెలలో నా పెళ్ళి కుదిరి, మధ్యలోనే ఆపి వెళ్ళాల్సి వచ్చింది. చెప్పి వెళ్దామని మొదటిసారి బంగ్లాకు వెళ్ళాను. ఆ గొంతుకు తగ్గట్టు ఆరడుగుల మనిషిని ఊహించుకున్న నాకు, దుప్పటి కింద ఒక బక్కపలచటి ముసలాయన కనిపించాడు. ఆయన నన్ను చూసి పనిమనిషి కూతురనుకుని తల తిప్పేసుకున్నాడు. "పెద్దయ్యా" అన్నాను. ఆయన తల గిర్రున ఇటు తిరిగింది. "గింత చిన్నపిల్లవా నువ్వు! గొంతు ఇని ఇంక జర పెద్దదానివనుకున్న" అని నవ్వాడు. కథ సగంలో వదిలేసి పోతున్నానని నేను ఏడుస్తుంటే, "ఏడువకు. ఈసారి ఎట్లయితదో నాకెరికే గద. నువ్వు నిమ్మలంగ పో" అన్నాడు. అదే నేను ఆయన నోట విన్న చివరి మాట. అది తలుచుకున్నప్పుడల్లా నాకు దుఃఖం రాదు, ఎందుకో హాయిగా ఉంటుంది.

ఇప్పుడు నేను ఏ పనీ లేనిదాన్ని. నల్లా ఇంట్లోకే వచ్చింది, పొయ్యి దానంతట అదే వెలుగుతుంది, బోర్డులూ తీగలూ ఎప్పుడో పోయాయి. రోజుకు ఇరవైనాలుగు గంటలూ నావే. ప్రతి జనవరి ఒకటిన బైబిలు మొదలుపెడతాను, ఏ ఏడాదీ మార్చి దాటలేదు. జీవితంలో ఊపిరాడనంత పని ఉన్న ఆ ఒక్క ఏడాదే నేను దాన్ని చివరిదాకా చదవగలిగాను. "ఎందుకు చదవట్లేదు?" అని మొన్న మా ఆయన అడిగితే, తడుముకోకుండా "టైం ఏదండీ" అన్నాను. ఆయన పేపరు దించి నా వైపు చూశాడు. నాకే నవ్వొచ్చింది. అసలు సంగతి ఆయనతో చెప్పలేకపోయాను: నాకు తక్కువైంది టైం కాదు, ఆలస్యమైతే నన్ను కోప్పడే మనిషి.